కాల్ క్లోజయింది, మరి పని?



మే నెలలో ఏసీ మొరాయించిన ఇంట్లో వినిపించే మాట ఒకటే: "కంప్లెయింట్ రాయించి రెండు రోజులైంది, ఇంతవరకూ మనిషి లేడు." మూడోనాటికి మనిషి వస్తాడు. భుజాన పనిముట్ల సంచి, వెనకాల జెట్ పంపు మోసుకుంటూ హెల్పర్ కుర్రాడు. చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను మోగుతుంది. "అయిపోవచ్చింది సార్, ఇంకో పది నిమిషాలు" అని చెప్పేస్తాడు. అప్పటికింకా ఏసీ మూత కూడా తియ్యలేదు. పక్కనే నిలబడి మనం ఆ అబద్ధం వింటాం. ఇతని మాట నమ్మేదెలా అని లోపల అనుకుంటాం కూడా. ఆ అబద్ధం ఎవరికి చెప్పాడు, చెప్పకపోతే అతనికేమవుతుంది అన్నదే ఈ పూట నేను మాట్లాడబోయే విషయం.

నేను ఐటీఐలో ఈ పనే నేర్పి రిటైరైనవాణ్ణి. రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు, రెండేళ్ళ కోర్సు. నా దగ్గర చదివిన పిల్లలు, పిల్లలంటే కొందరికి ఇప్పుడు తల నెరిసింది, హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో సర్వీసు కంపెనీల్లో ఉన్నారు. కొందరు గల్ఫ్ వెళ్ళారు. కొందరు సొంత షాపు పెట్టుకున్నారు. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తుంటారు. జీతం చాలడం లేదనేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ మాట ఎక్కువసేపు సాగేది జీతం మీద కాదు, పైవాడి మీద.

ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళ ఒత్తిడి గురించి పత్రికలు బాగానే రాస్తున్నాయి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారు 90 అన్నారు. దేశమంతా రోజుల తరబడి వాదులాడుకుంది. వాదించినవాళ్ళ గదుల్ని చల్లగా ఉంచే మనిషి వారానికి ఎన్ని గంటలు చేస్తున్నాడని ఆ సందడిలో ఎవరూ అడిగినట్టు లేదు.

ముందు ఈ కంపెనీలు నడిచే తీరు చెప్పాలి. మీరు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తారు. ఎత్తేది పెద్ద కంపెనీ. మీ ఇంటికి వచ్చేవాడు మాత్రం చాలాసార్లు ఆ కంపెనీ ఉద్యోగి కాడు. చొక్కా మీద దాని పేరుంటుంది, జీతమిచ్చేది మీ పేటలోని ఫ్రాంచైజీ ఓనరు. కంపెనీ ఆ ఓనరుకు కాల్‌కింత అని లెక్కగట్టి ఇస్తుంది. ఇన్ని గంటల్లోపు కాల్ మూసెయ్యాలని గడువు పెడుతుంది. ఆ గడువును 'టాట్' అంటారు. టాట్ దాటితే ఓనరుకు కోత. కొద్దిరోజుల్లోనే అదే ఇంటినుంచి మళ్ళీ కంప్లెయింట్ వస్తే దాని పేరు 'రిపీట్', దానికీ కోత. ఈ కోతలు ఓనరు దగ్గర ఆగవు. సూపర్‌వైజరు ఇన్సెంటివ్ మీదుగా దిగి నిచ్చెన మీదున్నవాడి జీతం దాకా వస్తాయి. అంటే పని త్వరగా ముగించకపోతే ఒక దెబ్బ, త్వరగా ముగించి సరిగ్గా చెయ్యకపోతే ఇంకో దెబ్బ. రెండూ ఒకడికే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. సీజన్లో ఒక మనిషికి రోజుకు ఎనిమిది కాల్స్ వేశారనుకోండి. అది అరుదేం కాదు. అంతకు మించి వేసే చోట్లు కూడా ఉన్నాయని మా పిల్లలు చెబుతారు. మామూలు వాటర్ సర్వీసు, ఒళ్ళు దాచుకోకుండా చేస్తే, ముప్పావుగంట. ఎనిమిదింటికి ఆరు గంటలు. మొదటి ఇల్లు కూకట్‌పల్లి, రెండోది నిజాంపేట, మూడోది మియాపూర్, నాలుగోది మళ్ళీ వెనక్కి మూసాపేట. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఒక్కో ప్రయాణానికి అరగంట వేసినా నాలుగు గంటలు. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు, లిఫ్టు కోసం నిలబడటం, పనికి ముందు ఫోటో, పని తర్వాత ఫోటో, సీరియల్ నంబరు ఫోటో, బిల్లు, ఓటీపీ. వీటికి ఇంటికి పది నిమిషాల చొప్పున గంటా ఇరవై నిమిషాలు. మొత్తం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇందులో ఆ మనిషి అన్నం తినలేదు. ఒక్క మెషీనులో కూడా గ్యాస్ లీకు బయటపడలేదు. ఒక్క ఇంట్లో కూడా "కాసేపాగి రా బాబూ, పూజలో ఉన్నాం" అనలేదు.

ఈ లెక్క మేనేజరుకు రాక కాదు. రోజూ కాల్స్ పంచేది ఆయనే. అయినా ఎనిమిది వేస్తాడు, ఎందుకంటే తొమ్మిదో పదో వెయ్యమని పైనుంచి ఆయనకు ఫోన్లు వస్తుంటాయి. మరి ఈ రోజు ఎక్కడో ఒకచోట కురచ కావాలి కదా. ప్రయాణాన్ని టెక్నీషియన్ కొయ్యలేడు. ఫోటోలు, ఓటీపీ కొయ్యలేడు, అవి లేకపోతే కాల్ మూసుకోదు. అతని చేతిలో ఉన్నదల్లా పని ఒక్కటే. దాన్నే కోస్తాడు.

ఎలా కోస్తాడో చెబితే మీకూ ఉపయోగం. కొత్త స్ప్లిట్ ఏసీ బిగించేటప్పుడు రాగి గొట్టం చివర ఫ్లేరింగ్ చేసి, నట్టు తగిన బిగువుకు బిగించి, నైట్రోజన్ ఎక్కించి లీకు లేదని చూసుకుని, వ్యాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగెయ్యాలి. ఆ పంపు పావుగంటో, ఇరవై నిమిషాలో, గొట్టం పొడవును బట్టి ఇంకా ఎక్కువసేపో నడవాలి. ఆ తర్వాతే వాల్వు తెరిచి గ్యాస్ వదలాలి. తొందరలో ఉన్నవాడు పంపు సంచిలోంచి తియ్యడు. అవుట్‌డోర్ యూనిట్లో ఉన్న గ్యాసునే కాస్త వదిలి దాంతో గాలిని బయటికి తోసేస్తాడు. అర నిమిషం పని. ఏసీ చల్లగానే వస్తుంది. మీరు సంతోషించి ఐదు స్టార్లు ఇస్తారు. సూపర్‌వైజరు గ్రూపులో బొటనవేలి బొమ్మ పెడతాడు. గొట్టంలో మిగిలిన తేమ మాత్రం లోపలి నూనెతో చేరి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను మెల్లగా తింటూ ఉంటుంది. కొన్నేళ్ళకు "కంప్రెసర్ పోయింది సార్" అంటారు. అప్పటికి బిగించినవాడు రెండు కంపెనీలు మారి ఉంటాడు. ఆ కాల్ రికార్డుల్లో మాత్రం గడువులోపల, స్టార్లతో సహా, క్లోజయ్యే ఉంది.

పైగా ఇప్పుడొస్తున్న ఇంటి ఏసీల్లో ఎక్కువగా వాడే గ్యాస్ ఆర్-32. పాతకాలపు ఆర్-22 మండేది కాదు, దీనికి కొద్దిగా మండే గుణముంది. లీకు సరిగ్గా చూసుకోకుండా టార్చి వెలిగించి బ్రేజింగ్ చేసేవాడికి ఈ తేడా ప్రాణంతో సమానం. 2019లో కేంద్ర ప్రభుత్వం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకటించినప్పుడు లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మంచి ఆలోచన, నేను వంక పెట్టను. కానీ నా అనుభవం ఒకటి చెబుతాను. వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టాలో ఐటీఐలో రెండేళ్ళు నేర్పుతాం. కంపెనీలో చేరిన మొదటి వారంలో సూపర్‌వైజరు దాన్ని మరిపిస్తాడు. టెక్నీషియన్లకంటే ముందు సూపర్‌వైజర్లను, వాళ్ళకంటే ముందు టాట్ నిర్ణయించేవాళ్ళను కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వాలి.

పరీక్ష పేపర్లు దిద్దేవాడు జవాబులు చదవకుండా పేజీలు లెక్కపెట్టి మార్కులు వేస్తుంటే పిల్లలేం చేస్తారు? పెద్దపెద్ద అక్షరాలతో పేజీలు నింపుతారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళని ఎలా అంటాం?

పనిని గడియారంతో కొలిచే పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ అనే ఇంజనీరు ఉండేవాడు. బెత్లెహేమ్ ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసేవాళ్ళు రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తుతుంటే, నలభై ఏడున్నర టన్నులు ఎత్తవచ్చని ఆయన లెక్క తేల్చాడు. 1911లో తన యాజమాన్య సూత్రాలను పుస్తకంగా వేశాడు. అదే ఏడాది మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఈ పద్ధతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కలు మొదలుపెడితే పోతపనివాళ్ళు పని వదిలి బయటికి నడిచారు. అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపి, ఆ తర్వాత కొన్నేళ్ళకు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ కొలతలను ఆపించింది. టేలర్‌ను తిట్టడం సులువు, చాలామంది తిట్టారు. కానీ ఆయన దిమ్మె మోసేవాడు మధ్యమధ్య ఎంతసేపు కూర్చోవాలో కూడా లెక్కగట్టాడు. ఎక్కువ మోసినవాడికి కూలి ఎక్కువ ఇమ్మన్నాడు. మన సర్వీసు కంపెనీలు టేలర్ గడియారాన్ని తెచ్చుకుని ఆయన విశ్రాంతి లెక్కను అక్కడే వదిలేసి వచ్చాయి. జపాన్ పరిశ్రమలకు నాణ్యత పాఠాలు చెప్పిన డెమింగ్, తన పద్నాలుగు సూత్రాల్లో ఒకటిగా, మనిషికిన్ని అని పెట్టే కోటాలను తీసెయ్యమని రాశాడు. ఆయన పేరు మేనేజ్‌మెంట్ కాలేజీల్లో బాగానే వినిపిస్తుంది.

మన సూపర్‌వైజర్లు చెడ్డవాళ్ళని నేననడం లేదు. వాళ్ళలో చాలామంది నిన్నటి టెక్నీషియన్లే. పని బాగా వచ్చినవాణ్ణి తీసి కుర్చీలో కూర్చోబెడతారు. కంపెనీకి ఒక మంచి పనివాడు తగ్గాడు, ఒక సూపర్‌వైజరు పెరిగాడు. ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో అతనికెవరూ చెప్పరు. అతనికి తెలిసిన సూపర్‌వైజర్లల్లా గతంలో తనమీద అరిచినవాళ్ళు. "మా రోజుల్లో బైకు కూడా లేదు, గ్యాస్ సిలిండరు సిటీ బస్సులో పెట్టుకుని తిరిగాం" అంటాడు. నిజమే, తిరిగాడు. కానీ అప్పుడు ఊళ్ళో ఏసీలెన్ని? ఉన్నవన్నీ దాదాపు కిటికీ ఏసీలు. గదిలోపలినుంచి బయటికి లాగి, బాల్కనీలో పెట్టి కడిగేవాళ్ళం. తొమ్మిదో అంతస్తు గోడ బయట వేలాడే పని మాకు లేదు. తాను పడ్డ కష్టాన్ని కొలబద్దగా పెట్టుకున్నవాడికి ఎదుటివాడి కష్టం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

పర్యవేక్షణ అంటే వాట్సాప్ గ్రూపు. ఉదయం ఎనిమిదిన్నరకు యూనిఫాంతో సెల్ఫీ పెట్టాలి. రోజంతా లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉండాలి. టీకొట్టు దగ్గర చుక్క కదలకపోతే "అక్కడే ఉన్నావేంటి" అని ఫోను. రాత్రి జాబితా వస్తుంది: ఎవరు ఎన్ని క్లోజ్ చేశారు, ఎన్ని పెండింగ్. అడుగున ఉన్న పేర్లు ఎర్రరంగులో. అన్నం ముందు కూర్చున్నవాడు ఆ ఎర్రరంగులో తన పేరు చూసుకుంటాడు. అదే గ్రూపులో తను తెచ్చి పనిలో పెట్టించిన బావమరిది ఉంటాడు, అతనూ చూస్తాడు. నలభై దాటిన మనిషిని, పెళ్ళీడు పిల్ల ఉన్న తండ్రిని, గ్రూపు ముందర 'ఏరా' అని కడిగెయ్యడం చాలామంది ఓనర్లకు తప్పుగా తోచదు. "అలా అనకపోతే పని సాగదు మాష్టారూ" అని ఒకాయన నాతోనే అన్నాడు. ప్రతి మార్చిలోనూ టెక్నీషియన్లు కావలెను అని బోర్డు కట్టేదీ ఆయనే.

ఆఫీసులో కూర్చునే కో-ఆర్డినేటర్ అమ్మాయి సంగతి ఎవరికీ పట్టదు. రెండు చెవులకు రెండు ఫోన్లు. ఒకదాంట్లో కస్టమరు అరుపులు, ఇంకోదాంట్లో టెక్నీషియన్ విసుగు, ఎదురుగా ఓనరు. ఎవరి కోపానికీ ఆమె కారణం కాదు, అందరి కోపమూ ఆమె మీదుగానే పోతుంది. మనం ఫోనులో గొంతు పెంచినప్పుడు అది తగిలేది కంపెనీకి కాదు, ఆ అమ్మాయికి.

గుట్టుగా ఉంచే విషయం మరొకటుంది, అమ్మకాల టార్గెట్టు. నెలకు ఇన్ని ఏఎంసీలు, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందాలు, కట్టించాలి, ఇన్ని స్టాండ్లు అమ్మాలి, ఇన్ని స్టెబిలైజర్లు, ఇన్ని ఫోమ్ వాష్‌లు. గ్యాస్ సంగతి ప్రత్యేకంగా చెబుతాను. ఏసీలో గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లీకుంటేనే తగ్గుతుంది. ఏటా ఎండాకాలంలో మీ ఏసీకి గ్యాస్ తక్కువైందంటే, లీకు ఎవరూ వెతకలేదనైనా అనుకోవాలి, టార్గెట్టు మిగిలి ఉందనైనా అనుకోవాలి. జనం టెక్నీషియన్ని దొంగ అంటారు. ఆ మాట పడేది అతను, కమీషన్లో పెద్దవాటా పోయేది ఇంకొకరికి. నా దగ్గర చదివినవాళ్ళలో చెయ్యి తిరిగిన కుర్రాడొకడు ఈ ఒక్క కారణంగా పని మానేసి ఆటో కొనుక్కున్నాడు. "లీకు లేదని తెలిసి కూడా గ్యాస్ పొయ్యమంటున్నారు సార్" అన్నాడు. ఎండ తట్టుకోలేక మానినవాళ్ళను చూశాను. వీడు ఎండకు జంకినవాడు కాదు.

సజ్జ మీది పని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఒకటిన్నర టన్నుల ఏసీకి అవుట్‌డోర్ యూనిట్ బరువు ముప్పై కిలోల అటూఇటూ ఉంటుంది. లక్షలు పోసి కొన్న అపార్టుమెంట్లలో చాలాచోట్ల దాన్ని పెట్టడానికి బిల్డరు చోటు వదలడు. కిటికీ పక్క గోడకు స్టాండు కొట్టి వేలాడదియ్యాలి. సేఫ్టీ బెల్టు ఉందా అంటే కొన్ని కంపెనీలు ఇస్తాయి. ఇచ్చాక, దాని కొక్కెం దేనికి తగిలించాలి? కిటికీ గ్రిల్‌కు తగిలిస్తారు. ఆ గ్రిల్లేమో నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. గట్టి ఆధారం వెతికి, తాడు కట్టి, ఇద్దరు పైన ఒకరు కింద ఉండి చేస్తే పని ఇంకో అరగంట సాగుతుంది. ఆ అరగంటకు టాట్‌లో గడి లేదు. బెల్టు వేసుకున్న ఫోటో ఎక్కించడానికి మాత్రం యాప్‌లో గడి ఉంది. ఫోటో తీసుకుని, అడ్డమని విప్పేసి పనిలోకి దిగుతారు. ఏదైనా జరిగితే ఆ ఫోటో కంపెనీకి సాక్ష్యం, నిర్లక్ష్యం టెక్నీషియన్‌ది.

ఇక ఎండ. మే మధ్యాహ్నం డాబా మీద, పక్కనున్న అవుట్‌డోర్ యూనిట్లన్నీ వదిలే వేడిగాలి మధ్య కూర్చుని పనిచెయ్యాలి. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఇస్తామంది. సాయం మంచిదే. మధ్యాహ్నం మూడు గంటలు మనిషిని డాబా ఎక్కించకుండా ఉంటే దానికి ఎవరికీ అంత ఖర్చు కాదు.

ఈ మాట నాకు నేర్పింది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపునుంచి వెళ్ళిన మావాళ్ళలో ఏసీ మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు చాలామంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటివరకు ఎండలో పని చేయించకూడదు. ఖతార్‌లో జూన్ 1 నుంచే మొదలు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. తప్పితే కంపెనీకి జరిమానా. అక్కడ అంతా బాగుందని ఎవరూ అనుకోవద్దు. ఏజెంటుకు అప్పుచేసి కట్టిన డబ్బు, కిక్కిరిసిన క్యాంపు గదులు, నెలల తరబడి అందని జీతాలు మన పల్లెలకు బాగా తెలిసినవే. కానీ తిరిగొచ్చి హైదరాబాదులో చేరినవాడొకడు మొదటి మే నెలలోనే నన్నడిగాడు, "ఇక్కడ ఆ బ్రేక్ ఎందుకు లేదు సార్?" అని. నా దగ్గర జవాబు లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1988 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఆపైన చేస్తే రెట్టింపు కూలి అన్నది దాని మూలం. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 అన్న హద్దు మాత్రం కదల్చలేదు. ఆ హద్దుకు చరిత్ర ఉంది. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటలున్నదాన్ని 48కి దించారు. ఆ సవరణ బిల్లు వచ్చినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు డాక్టర్ అంబేద్కర్. ఇందాక మనం వేసిన లెక్కకు తిరిగి వద్దాం. రోజుకు పదకొండు గంటల ఇరవై నిమిషాలు, వారానికి ఆరు రోజులు, అంటే 68 గంటలు. చట్టం ప్రకారం 20 గంటల ఓవర్‌టైమ్. పదమూడు వారాల సీజన్‌కు 260 గంటలు. తెలంగాణ ఉత్తర్వులోనేమో మూడు నెలలకు 144 గంటలకు మించి ఓవర్‌టైమ్ చేయించవద్దని ఉంది. ఈ 260 గంటల రెట్టింపు కూలి ఏ పేస్లిప్పులోనైనా కనబడిందా అని మా పిల్లల్ని అడిగాను. పేస్లిప్పంటే ఏమిటని ఒకడు నవ్వాడు.

పదిమంది పనిచేసే సంస్థలో నెలకు 21,000 లోపు జీతమున్నవాడికి ఈఎస్ఐ ఉండాలి. జీతంలో 0.75 శాతం అతనిది, 3.25 శాతం యజమానిది. ఇరవైమంది ఉంటే పీఎఫ్. అందుకే కొందరు ఓనర్ల దగ్గర కాగితం మీద ఎప్పుడూ తొమ్మిదిమందే ఉంటారు. మిగతావాళ్ళు 'కమీషన్ మనుషులు'. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం పనిలో పెట్టుకున్న ప్రతివారికీ నియామక పత్రం ఇవ్వాలి. ఈ ప్రసంగం వింటున్న టెక్నీషియన్లు ఎవరైనా ఉంటే, ముందు ఆ కాగితం అడగండి. సజ్జ మీదినుంచి పడ్డ రోజున మీరు ఆ కంపెనీలో పనిచేస్తున్నారని చెప్పేది అదొక్కటే. యాప్ కంపెనీలు పనివాణ్ణి 'పార్ట్‌నర్' అని పిలిచి ఈ బాధ్యతలన్నిటినుంచీ తప్పుకుంటున్నాయి. అటువంటివారి కోసం రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటిసారిగా చట్టం చేసింది, కర్ణాటక 2025లో చేసింది.

జులైలో వానలు పడగానే కథ తలకిందులవుతుంది. ఏప్రిల్లో ఆదివారం కూడా వదలని ఓనరు ఆగస్టులో "రేపు రాకులే, పనుంటే పిలుస్తా" అంటాడు. సగం ఏడాది ఊపిరాడని పని, సగం ఏడాది ఖాళీ చేతులు. ఇది వాతావరణం చేసిందని అందరూ అంటారు. నేనొప్పుకోను. ఒంగోలులో నా శిష్యుడొకడు ఏడెనిమిదిమందితో షాపు నడుపుతున్నాడు. మనిషికి రోజుకు ఐదు కాల్స్ మించి వెయ్యడు. డాబా మీది పనులన్నీ ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదిలోపు దించేస్తాడు. మధ్యాహ్నాలు గదిలోపలి పనులు. పాత కస్టమర్లకు జనవరి నెలాఖరునుంచే తానే ఫోన్లు చేసి సర్వీసులు ముగించుకుంటాడు. వానాకాలంలో ఆసుపత్రులవీ కోల్డ్ స్టోరేజీలవీ వార్షిక కాంట్రాక్టులు చూసుకుంటాడు. ఇన్‌స్టలేషన్‌కు పోతే వారానికోసారైనా తానూ వెంట వెళ్ళి నిచ్చెన ఎక్కుతాడు. పెద్ద ఫ్రాంచైజీ ఓనర్ల స్థాయి లాభం అతనికి లేదు, అది దాచను. అతని దగ్గర చేరినవాళ్ళు మాత్రం మానడం లేదు. మనిషి మారినప్పుడల్లా కొత్తవాడికి నేర్పడానికి అయ్యే ఖర్చును లాభంలోంచి తీసి చూస్తే, పెద్ద ఓనర్ల లాభం కూడా కొంత తగ్గుతుందని నా అనుమానం.

ఓనర్లకు నా విన్నపం చిన్నదే. రాత్రి పెట్టే జాబితాలో క్లోజ్ చేసిన కాల్స్ పక్కన ఇంకొక గడి గీయండి: ఏడాదిలోపు మళ్ళీ చెయ్యి పెట్టాల్సిన అవసరం రాని ఇళ్ళు ఎన్ని. అప్పుడు ఎర్రరంగు ఎవరి పేరు మీద పడుతుందో చూడండి.

శ్రోతలకు కూడా కొన్ని మాటలు. ఏసీ సర్వీసు ఫిబ్రవరిలోనే చేయించుకోండి. కొత్త ఏసీ బిగిస్తుంటే వ్యాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగండి, అది నడిచే ఆ ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. గ్యాస్ తగ్గిందంటే లీకెక్కడో చూపించమనండి. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కబోతున్నా, కిటికీ గ్రిల్‌కు బెల్టు తగిలించి సజ్జ మీదికి దిగబోతున్నా వద్దనండి. మరో పూట రమ్మనండి. పంపించేముందు కంపెనీకి మీరే ఫోన్ చేసి, వాయిదా వేసింది మేమేనని రాయించండి. అలా రాయిస్తే, గడువు దాటిన కోతకు టెక్నీషియన్ని బాధ్యుణ్ణి చెయ్యడం కష్టం.